చిట్టి వెడల్పు

మార్చి 5, గురువారం

ఈ ఉదయం వాచ్‌మన్ తన టీ గ్లాసు మీద హాజరు పుస్తకాన్ని బోర్లించి మూతగా పెట్టాడు. నేను సంతకం చేసే గడిలో గుండ్రంగా తడి మరక. దాని మీదే సంతకం పెట్టాను, సిరా పాకింది. "పర్లేదమ్మా, ఇవాళ మీరొచ్చారని దూరం నుంచి కూడా తెలుస్తుంది" అన్నాడు.

అక్కడిదాకా రోజు బాగానే ఉంది.

పది గంటలకి రికార్డు గది బీరువా పై అరలో, ఎలుకలు కొట్టిన మ్యాపుల కట్ట వెనక, ఓడల తాత నోటుపుస్తకం ఇంకొకటి దొరికింది. నూట నలభై ఏళ్ళ కిందట ఈ నది మీద అయిదుగురు అక్కచెల్లెళ్ళను కట్టినాయన. అక్కచెల్లెళ్ళంటే ఓడలే. కాగితాల మీద వాటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి కానీ ఊళ్ళో ఎవరూ వాడరు. పెద్దక్క, నల్లక్క, బొద్దక్క, మౌనక్క, చిట్టి. చిట్టి అందరికంటే చిన్నది, అందరికంటే వేగం. సముద్రం అవతలి ఉత్తరాలు అరవై ఒక్క రోజుల్లో తెచ్చేసింది. ఆ చిట్టినే మా యార్డులో పధ్నాలుగు నెలలుగా మళ్ళీ కడుతున్నారు. దాని కొలతల పుస్తకం ఎత్తి రాసి, పట్టికగా టైపు చేసి ఇచ్చింది నేను.

ఇవాళ దొరికింది పెద్దక్క పుస్తకం. మొదటి పేజీ కుడి మూల పైన చిన్న కొక్కెం లాంటి గీత ఉంది. చిట్టి పుస్తకంలోనూ అలాంటిది చూసిన గుర్తు. కలం రాస్తోందో లేదో చూసుకున్న గీత అనుకుని వదిలేశాను. మా కాన్వెంటులో చూచిరాతలో సిరా మరకలు కూడా ఎత్తి రాసిన పిల్లలను సిస్టర్ నిలబెట్టేది.

పెద్దక్క పుస్తకంలో ఆ కొక్కెం పక్కన ఒక మాట ఉంది. ఒకే ఒక్క చోట.

"పలకతో."

మార్చి 6

చిట్టి పుస్తకం తీసి చూశాను. కొక్కెం ప్రతి పేజీలో ఉంది. నలభై రెండు పేజీలు.

మార్చి 7, శనివారం

శాంతంగా రాసుకుంటాను.

ఓడకు ముందు పక్కటెముకలు నిలబెడతారు. వాటి మీద పలకలు బిగిస్తారు. పుస్తకంలో ఉన్న కొలత ఎముక అంచు వరకా, పైన పలకతో కలిపా అన్నది తెలియాలి. ఓడల తాత పలకతో కలిపి కొలిచాడు. నేను పట్టిక మీద "పక్కటెముకల కొలతలు" అని శీర్షిక పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. శీర్షిక లేని పట్టిక బోడిగా కనిపించింది. పైగా నేను చదివిన రెండు పుస్తకాల్లోనూ కొలతలు ఎముకలకే ఇచ్చారు.

పలక మందం మూడు అంగుళాలు. రెండు వైపులా కలిపి ఆరు.

అసలు చిట్టి వెడల్పు ముప్పై మూడు అడుగులు. చిట్టి మా డాక్‌లో, నీళ్ళు లేని రాతి గొయ్యిలో, ఉంది. ఆ డాక్ నోరు, ఓడ నదిలోకి వెళ్ళే ఆ రాతిగోడల సందు, ముప్పై మూడు అడుగుల నాలుగు అంగుళాలు. సందు ఎంత ఇస్తే అంత వెడల్పుగా ఓడల తాత చిట్టిని కట్టాడని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది. ఎముకలకే ముప్పై మూడు వాడితే, పలకలు బిగించాక చిట్టి ముప్పై మూడున్నర అడుగులు. సందులో పట్టదు. రెండు అంగుళాలు ఎక్కువ.

పంతొమ్మిదో తారీకు అమావాస్య పోటు. సందు అడుగున ఉన్న రాతి గడప మీద ఓడ తేలేంత నీళ్ళు ఆ ఒక్క రోజే వస్తాయి. మళ్ళీ అంత పోటు సెప్టెంబరులోనే. ఈ నెలాఖరుకి యార్డు మూసేసి, డాక్ పూడ్చి గోదాములు కడతారు. అంటే చిట్టి బయటికి రాకపోతే కోసి ముక్కలుగా తీయాలి.

ఈ సంగతి చెప్పడానికి మధ్యాహ్నం ఇంజనీరుగారి గదికి వెళ్ళాను. ఫోన్లో ఉన్నారు. పెట్టేసి, "ఏమ్మా, చెప్పు" అన్నారు.

"సార్, చిట్టి పట్టిక..."

"అబ్బ, ఆ పట్టిక! నా సర్వీసులో అంత శుభ్రమైన పని చూడలేదమ్మా. ఫ్రేము కట్టించి వరండాలో పెట్టిద్దామనుకుంటున్నాను. ఏంటి, ఏదో అడగబోయావు?"

"గమ్ సీసా అయిపోయింది సార్."

"తెప్పిద్దాం."

సోమవారం చెబుతాను.

మార్చి 8, ఆదివారం

పిన్ని గమనించింది. పిన్నికి అన్నీ కనిపిస్తాయి. యార్డులో తెరచాపలు కుడుతుంది కాబట్టి కళ్ళు అలా తయారయ్యాయని తనే అంటుంది.

"ఏమే, కంచంలో వేళ్ళు పెట్టి అలా కూర్చున్నావు?"

"ఏం లేదు."

"ఎవరైనా ఏమైనా అన్నారా? చెప్పు, చాప కుట్టే సూది పట్టుకుని వస్తాను."

"ఎవరూ ఏమీ అనలేదు పిన్నీ."

"అదే నీతో చిక్కు. ఎదుటివాళ్ళు అనేదాకా కూడా ఆగవు. ముందే ముడుచుకుంటావు."

కంచం పక్కకు జరిపి అడిగాను. "గీతల గది నేల మీద చిట్టి గీతలు ఇంకా ఉన్నాయా?"

గీతల గదంటే షెడ్డు పైన పొడుగాటి హాలు. ఓడను అసలు కొలతలో నేల మీద గీసి, ఆ గీతల మీద చెక్క అచ్చులు కోస్తారు. ఆ గీతలుంటే ఎముకలు ఎంతకు గీశారో నేనే కొలుచుకోవచ్చు.

"ఎక్కడివీ? మేం చాపలు కత్తిరించుకోవడానికి రెండు పూతల నల్ల రంగు కొట్టించారుగా. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే నువ్వు ఊపిరి కూడా తీసుకోవు" అంది పిన్ని, కంచం తీసేస్తూ.

మార్చి 9

సోమవారం. ఇంజనీరుగారు రోజంతా సందు దగ్గరే ఉన్నారు. చుట్టూ పదిమంది. పదిమందిలో చెప్పే సంగతి కాదు.

మార్చి 10

చెప్పే ముందు కొలిచి చూసుకోవడం న్యాయం. ఇది దాచడం కాదు.

అందరూ భోజనాలకు వెళ్ళాక పిన్ని బట్టల టేపు తీసుకుని డాక్‌లోకి దిగాను. చిట్టి పొట్ట నా తలకు చాలా పైన ఉంది. దారానికి తాళంచెవి కట్టి పక్కల నుంచి వేలాడదీసి, నేల మీద గుర్తు పెట్టి, ఆ గుర్తు నుంచి ఈ గుర్తుకి కొలవాలనుకున్నాను. మధ్యలో ఓడను నిలబెట్టిన దూలాలు అడ్డం. టేపును వాటి చుట్టూ తిప్పుకుంటూ మోకాళ్ళ మీద పాకాను. టేపు అయిదడుగులదే. ప్రతి అయిదడుగులకీ సుద్దగీత.

వెనక నుంచి గొంతు. "సిస్టరమ్మా! ఓడకి చొక్కా కుడుతున్నావా?"

దూదిమామ. పలకల సందుల్లో దూది కూరి నీళ్ళు రాకుండా చేసే ఆయన. కాన్వెంటులో చదివానని నన్ను సిస్టరమ్మ అంటాడు. ఆయన్ని చూసి యార్డంతా అలాగే పిలుస్తుంది.

టేపు గుప్పిట్లో చుట్టేసుకున్నాను.

"కుడితే కుట్టావు గానీ నడుము దగ్గర కాస్త వదులు పెట్టు. ఈ మధ్య చిట్టి ఒళ్ళు చేసింది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నా లెక్క ముప్పై నాలుగు అడుగులు వచ్చింది.

మార్చి 11

చెప్పలేదు. నా కొలత ముప్పై నాలుగు, నా భయం ముప్పై మూడున్నర. రెండూ కలవడం లేదు. తేల్చుకోకుండా చెప్పడం బాధ్యత లేని పని.

మార్చి 12

ఇంజనీరుగారికి జలుబు. జలుబు చేసిన మనిషికి ఇలాంటివి చెప్పకూడదు.

మార్చి 13, శుక్రవారం

పోటు తీసి నీళ్ళు తగ్గిన వేళ రికార్డు గది కిటికీలోంచి చూస్తే నది అంచున పాత గుంజల మొదళ్ళు వరసలుగా బయటపడతాయి. ఒక్కో వరసా ఒక్కో యార్డు. రెండు ఒడ్లనూ కలిపి నలభై వరకూ ఉండేవట. నెలకో ఓడ దిగేదట. నేను చాలాసార్లు లెక్కపెట్టాను. ఇవాళ ఇరవై ఏడు దగ్గర ఆపేశాను.

దూదిమామ సంతకం కావాల్సి వచ్చి డాక్‌లోకి వెళ్ళాను. ఆయన బల్ల మీద పడుకుని పలకల మధ్య చివరి సందులో దూది కొడుతున్నాడు. సంతకం పెట్టలేదు. సుత్తి నా చేతికిచ్చాడు.

"ఒక్క దెబ్బ వెయ్యి. రేపెప్పుడైనా చెప్పుకోవచ్చు."

"నాకు రాదు మామా."

"పుట్టగానే నాకు మాత్రం వచ్చిందా? వెయ్యి. చప్పుడు వినాలి. దూది వదులుగా ఉంటే సుత్తి దగ్గుతుంది. బిగిస్తే మోగుతుంది."

వేశాను. దగ్గింది. ఆయన తీసుకుని వేశాడు. మోగింది.

"మా తాత తాత నల్లక్కకి దూది కూరాడు. నాతో ఈ పని అయిపోయింది, ఇంక పరుపులు కుట్టుకోవడమే అనుకున్నాను. ఈ పధ్నాలుగు నెలలూ చేతులు చూసుకుంటే నాకే ఆశ్చర్యం. మర్చిపోలేదు చూడు, వెధవలు!" చేతుల్ని తిట్టుకుంటున్నాడు.

యార్డులో ముప్పై ఒక్కమంది. రెండేసి చేతులు.

నేను రాసిన ఒక్క శీర్షిక.

మార్చి 14

ఎదురుగా నిలబడి చెప్పలేను. ఉత్తరం రాస్తున్నాను. తప్పు ఒప్పుకునే ఉత్తరంలో 'కానీ' అన్న మాట ఉండకూడదని సిస్టర్ అనేది. మొదటి చిత్తులో ఆరు ఉన్నాయి.

మార్చి 15, ఆదివారం

ఇప్పుడు ఒక్కటీ లేదు. మూడు వాక్యాలే మిగిలాయి.

మార్చి 16, సోమవారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నమ్మను.

తొమ్మిదింటికి ఇంజనీరుగారి బల్ల మీద ఉత్తరం పెట్టి, పక్కన నిలబడ్డాను. పెట్టి పారిపోదామనుకున్నాను. ఈలోగా ఆయన ఉత్తరం చేతిలోకి తీసుకున్నారు. అదే మంచిదైంది.

ఆయన చదివారు. లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. సొరుగులోంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టారు. ఒకటి ఆయన గీసిన మొత్తం ఓడ బొమ్మ. దాని మీద వెడల్పు ముప్పై మూడు. రెండోది నా పట్టిక. దాని మీదా ముప్పై మూడే, ఎముకలకు.

"రెండూ ఒకే సొరుగులో ఉన్నాయి. పధ్నాలుగు నెలలు. నేను ఒక్కసారి కూడా కలిపి చూడలేదు" అన్నారు.

నన్నేమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

"పద."

డాక్‌లోకి దిగేసరికి మేస్త్రి చుక్కాని అంచుకు చిత్రిక పడుతున్నారు. ఓడ మొత్తానికి ఆయనే పెద్ద. అరవై ఎనిమిదేళ్ళు. ఈ పధ్నాలుగు నెలల్లో నాతో పది మాటలు మాట్లాడి ఉంటారేమో. నేను తొమ్మిది.

"మేస్త్రిగారూ, పని ఆపించండి. ఎల్లుండి నీళ్ళు వదలడం లేదు" అన్నారు ఇంజనీరుగారు.

సుత్తులు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. దూదిమామది చివర ఆగింది.

"ఏం సార్?"

"పట్టికలో కొలతలు పలకతో కలిపినవట. మనం ఎముకలకి వాడేశాం. ఇటు మూడు, అటు మూడు. చిట్టి సందులో పట్టదు."

మేస్త్రి చిత్రిక మీద పొట్టు ఊదుకున్నారు. "మీరు వాడారేమో. నేను వాడలేదు."

ఇంజనీరుగారు ఒక అడుగు దగ్గరికి వేశారు.

"అంటే?"

"అంటే మూడంగుళాలు లోపలికి తీసే గీశాను. మొదటి వారమే."

"మీకెలా తెలుసు? ఆ కొక్కెం గుర్తు సంగతి..."

"కొక్కెమా? నాకే కొక్కెమూ తెలీదు. మీ వరండాలో పాత చిట్టి ముక్కు దుంగ ఉంది కదా, అందరూ గొడుగులు తగిలిస్తారు. దాన్ని మూడు రోజులు పైన గీతల గదికి తెప్పించుకున్నాను, గుర్తుందా? గొడుగులన్నీ నేలపాలయ్యాయని ఈ అమ్మాయి మొహం గంటు పెట్టుకుంది కూడా."

గుర్తొచ్చింది. పెట్టుకున్నాను.

"ఎముకల అంచు గీత లాక్కుంటూ వస్తే, ముక్కు దుంగ మీద పలక కూర్చునే గాడి ఉంది చూడండి, దాని లోపలి అంచులో పడాలి. పడలేదు. బయటి అంచులో పడింది. అయిదు చోట్ల చూశాను. అయిదు చోట్లా సరిగ్గా పలక మందం అంత తేడా. ముసలాయన పలక మీద నుంచి కొలిచాడన్నమాట. తీసేశాను. పడింది."

"మరి నాకు చెప్పొద్దా?"

"కాగితం సంగతి మీరు చూసుకుంటారు. నేల సంగతి నేను చూసుకుంటాను. మీరు అడగలేదు."

"మీరు చెప్పలేదు!"

"అడిగితే చెప్పేవాణ్ణి."

ఇంజనీరుగారి మొహం ఎర్రబడింది. జలుబు వల్ల కూడా కావచ్చు. "మాటలతో కాదు మేస్త్రిగారూ. నాకు చూపించండి."

"రండి."

సందు పక్కన గేటు తిప్పే ఆయన గది ఉంది. దాని వెనక గోడ వారన రెండు వాసాలు ఒకదానికొకటి తాళ్ళతో కట్టి పడుకోబెట్టి ఉన్నాయి. నేను రోజూ దాన్ని దాటుకునే వెళతాను. బట్టలు ఆరేసుకునే వాసం అనుకున్నాను. నిజానికి దాని మీద గేటాయన తువ్వాలు ఆరేసి ఉంది.

"పలకలన్నీ బిగించాక చిట్టి పొట్ట వెడల్పుకి కోసిన కర్ర ఇది. మూడు వారాలయింది" అన్నారు మేస్త్రి. "తువ్వాలు తియ్యవయ్యా."

కర్ర రెండు కొసలకూ తాళ్ళు కట్టి, ఆ గోడ మీద నలుగురు, ఈ గోడ మీద నలుగురు నిలబడి సందులోకి దించారు. నేను గోడ అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను. కర్ర అడ్డంగా, నెమ్మదిగా దిగింది. ఎక్కడా రాయి తగల్లేదు. గడప దాకా వెళ్ళింది. మళ్ళీ పైకి లాగి, నాలుగడుగులు ముందుకు జరిగి, మళ్ళీ దించారు. అలా సందు పొడుగునా.

మధ్యలో ఒకచోట ఆపించి దూదిమామ నిచ్చెన మెట్ల మీద నుంచి చెయ్యి చాచాడు. కర్ర కొసకీ రాయికీ మధ్య వేళ్ళు పెట్టాడు. ఎడమ వైపు మూడు వేళ్ళు పట్టాయి. అవతలి గోడ మీద ఇంకొకతను తనవి పెట్టి, "ఇటూ మూడే!" అని అరిచాడు.

"ఎవరి వేళ్ళు? నీవైతే అరటిపళ్ళు" అన్నాడు ఎవరో. అప్పుడు నవ్వారు అందరూ. ఇంజనీరుగారు కూడా. ఆయన నవ్వుతూనే గోడకు ఆనుకుని జేబురుమాలుతో మొహమంతా తుడుచుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. అక్కడే కూర్చుండిపోయాను. మేస్త్రి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు.

"నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు."

"పదకొండు రోజులు దీన్ని మోసుకుని తిరిగావా? అందుకేనా నా చిట్టి కింద టేపు పట్టుకుని పాకావు? ఆ సుద్దగీతలు చూసి ఎవరి పిల్లలో ఆడుకున్నారు అనుకున్నాం." ఆగి, "నాతో ఒక్క మాట అనుంటే టీ చల్లారే లోపు తేలిపోయేది కదా తల్లీ."

"మీతో మాట్లాడాలంటే భయం" అన్నాను. ఎలా అనేశానో తెలీదు.

ఆయన నది వైపు చూశారు. "నాకూ నీతో మాట్లాడాలంటే భయమే. నువ్వు పుస్తకాలు చదివిన పిల్లవి. అంత శుద్ధంగా రాసి ఇచ్చావు, అందులో తేడా ఉందని చెప్తే నీ మొహం ఎలా అయిపోతుందో అనుకున్నాను. ఎలాగూ సరిచేశానుగా అని ఊరుకున్నాను."

వెనక ఇంజనీరుగారు అంటున్నారు, ఎవరితోనో కాదు, గాలితో. "ఆ తాత కొక్కెం పెట్టి అర్థం చెప్పకుండా పోయాడు. ఈయన అర్థం కనిపెట్టి చెప్పకుండా కూర్చున్నాడు. ఈవిడ చదివి చెప్పకుండా తిరిగింది. ఓడలు కట్టేవాళ్ళంతా ఒకే అచ్చు. నోరు విప్పరు!"

నన్ను "ఈవిడ" అన్నారు. ఓడలు కట్టేవాళ్ళలో కలిపారు.

మార్చి 17

పొద్దున పదింటికి లేచాను. పిన్ని లేపలేదు. యార్డుకి కబురు పెట్టిందట, "మా పిల్ల పదకొండు రోజుల నిద్ర బాకీ తీర్చుకుంటోంది" అని.

సంగతంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. పిన్ని విషయంలో అది వింత. చివర్లో అడిగింది.

"నా టేపుతో కొలిస్తే ముప్పై నాలుగెలా వచ్చిందే?"

"దూలాల చుట్టూ తిప్పాను."

"చుట్టూ తిప్పితే పొడుగు పెరగదూ?"

"పెరుగుతుంది."

"కాన్వెంటులో ఇది చెప్పలేదా?"

నవ్వడం మొదలుపెట్టింది. కుట్టుపని ఒళ్ళో నుంచి జారిపోయేదాకా నవ్వింది. నాకూ వచ్చింది. ఎంతసేపు నవ్వామో. ఆకలేసింది.

మార్చి 18

డాక్‌లోకి నీళ్ళు వదిలారు. దూలాలు ఒక్కొక్కటే తేలి పక్కకు జరిగాయి. చిట్టి ఎప్పుడు తేలిందో ఎవరూ చూడలేదు. తేలాక చూశారు. దూదిమామ అయిదుసార్లు లోపలికి దిగి, అయిదుసార్లు పొడి చేతులు చూపించాడు.

మార్చి 19, గురువారం

పోటు పదకొండూ పావుకి. అవతలి ఒడ్డు పొడుగునా జనం. గొడుగులు, భుజాల మీద పిల్లలు, కుర్చీలు తెచ్చుకున్నవాళ్ళు కూడా.

మేస్త్రి చిట్టి ముక్కు మీద నిలబడ్డారు. రెండు గోడల మీదా మనుషులు మోకులు పట్టుకున్నారు. ఆయన నోటితో ఏమీ చెప్పలేదు. చెయ్యి ఎత్తితే ఆగాలి, దించితే లాగాలి. నేను, పిన్ని, గేటాయన గది మెట్ల మీద ఉన్నాం.

ముక్కు సందులోకి వచ్చింది. సన్నగా ఉంటుంది కాబట్టి హాయిగా వచ్చింది. తర్వాత భుజాలు. తర్వాత పొట్ట. అప్పుడు ఎడమ వైపు నుంచి బరబరమని చప్పుడు.

మేస్త్రి చెయ్యి లేచింది. అందరూ బిగుసుకుపోయారు. పిన్ని నా మణికట్టు పట్టుకుంది. మణికట్టు మీద ఇప్పటికీ గాట్లున్నాయి.

నాకు ఒక్కటే అంకె వినిపిస్తోంది. ముప్పై మూడున్నర. కర్ర చూశాను, వేళ్ళు చూశాను, అయినా అదే.

దూదిమామ గోడ అంచున బోర్లా పడుకుని తల కిందికి వేలాడేశాడు. "ఏం లేదు!" అని అరిచాడు. "నిన్న డాక్‌లో గోడకి రుద్దుకోకుండా వేలాడేసిన తాళ్ళ చుట్ట! తియ్యడం మరిచారు సన్నాసులు!"

"ఎవరు?" అన్నారు మేస్త్రి పైనుంచి.

దూదిమామ తలెత్తలేదు. "నేనే."

చుట్ట కోసేశారు. చెయ్యి దిగింది. పొట్ట దాటింది, రాయికీ చెక్కకీ మధ్య మూడు వేళ్ళ నీళ్ళు మెరుస్తూ, గోడ పొడుగునా, చివరిదాకా. తోక దాటింది. గేటాయన గడియారం చూసుకుని పదకొండూ ఇరవై ఆరు అని రాసుకున్నాడు.

అవతలి ఒడ్డు నుంచి అరుపులు చాలా ఆలస్యంగా వచ్చినట్టు అనిపించింది. పిన్ని ఏడుస్తూ, "ఏడవకే" అంది నాతో. నేను ఏడవడం లేదు. చిట్టి వెనక నుంచి ఎలా ఉంటుందో పధ్నాలుగు నెలల్లో మొదటిసారి చూస్తున్నాను. డాక్‌లో ఎప్పుడూ గోడ అడ్డం. కాగితం మీద ఆ వంపు కొలతలు ముప్పై ఎనిమిదో పేజీ. అంత అందంగా ఉంటుందని అంకెల్లో తెలియలేదు.

మార్చి 20, శుక్రవారం

ఇంజనీరుగారు పిలిచారు. నా ఉత్తరం ఫైల్లో పెట్టారు. పట్టిక ఫ్రేము కట్టించే ఆలోచన మానుకున్నారట. "మానుకోలేదు, శీర్షిక మార్చాక కట్టిస్తాను" అని సరిచేసుకున్నారు. శీర్షిక మార్చి టైపు చేశాను. కొక్కెం నలభై రెండు చోట్లా చేత్తో వేశాను. కింద దాని అర్థం రాసి, ఎవరు ఎలా కనిపెట్టారో రాసి, సంతకం పెట్టాను.

యార్డు మూసినా నా పని ఆగదు. వచ్చే సోమవారం నుంచి నేను రోజూ మేస్త్రి ఎదురుగా కూర్చోవాలి. ఆయన చేతికి తెలిసిందంతా నోటితో చెప్పాలి, నేను రాయాలి. ఇంజనీరుగారు ఈ మాట చెప్పినప్పుడు మేస్త్రి మొహం నా మొహంలాగే ఉంది.

"ఎంతకాలం పడుతుంది?" అన్నారాయన.

"మీరు ఎంత తొందరగా మాట్లాడతారో దాన్ని బట్టి" అన్నారు ఇంజనీరుగారు.

"అయితే కష్టమే" అని నా వైపు తిరిగారు. "ఒక్కటి. అర్థం కాకపోతే అర్థం కాలేదని అనాలి. పదకొండు రోజులు ఆగకూడదు."

"మీరు కూడా, తేడా ఉంటే ఉందని చెప్పాలి."

దూదిమామ ఈల వేశాడు. "సిస్టరమ్మ నోరు చేసుకుంటోంది!"

వరండాలో ముక్కు దుంగ మీద గొడుగులు తీసేశాను. గోడకు కొత్తగా కొక్కేలు కొట్టించమని వాచ్‌మన్‌కి చెప్పాను. నేనే చెప్పాను, వేరే ఎవరి చేతా చెప్పించలేదు.

ఆదివారం చిట్టి మొదటిసారి తెరచాపతో నది మొగ దాకా వెళ్ళి వస్తుంది. ఎక్కేవాళ్ళ జాబితా టైపు చేయమని నాకే ఇచ్చారు. మేస్త్రి రాయించిన పేర్లు ఇరవై నాలుగు. పిన్నిది పదహారోది. నాది పదిహేడోది. ఒక్కో పేరూ రెండుసార్లు సరిచూశాను.

నేను ఇంతవరకూ ఏ పడవా ఎక్కలేదు.